ఎనిమిదో సవరణ ఏడో వంతులో

క్లైడ్ వార్నెకి ఉద్యోగం బొటనవేలు చూపించడం.

చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఆ వేలి మీదే నడుస్తుంది. ఓటింగ్ గంట మోగగానే సభ్యులు ఎక్కడెక్కడి గదుల నుంచో, చందాల విందుల నుంచో, టీవీ కెమెరాల ముందు నుంచో పరుగున వస్తారు. దేనిమీద ఓటో వాళ్లలో సగం మందికి తెలియదు. మిగతా సగం మందికి తెలుసుకోవాల్సిన అవసరం కనిపించదు. తలుపు దగ్గర నిలబడ్డ క్లైడ్ చేతికేసి చూస్తారు. వేలు పైకుంటే అవును, కిందికుంటే కాదు. కుర్చీ వెనకనున్న పెట్టెలో కార్డు దూర్చి, మీట నొక్కి, సగంలో ఆపిన కబురు మళ్లీ అందుకుంటారు.

ఇరవై రెండేళ్లుగా ఆయనది అదే పని. మెజారిటీ పక్షంలో ఆ వేలిని ఎరగని సభ్యుడు లేడు. మొహం ఎరిగినవాళ్లు మాత్రం తక్కువ. ఒకసారి లిఫ్టులో ఒక పెద్దమనిషి ఆయన్ని పలకరించి, "మీది మా రాష్ట్రమేనా? సభ చూడ్డానికి వచ్చారా?" అని మర్యాదగా అడిగాడు. ఆ పెద్దమనిషి ఆ పొద్దున్నే క్లైడ్ వేలు చూసి నాలుగు ఓట్లు వేసి ఉన్నాడు.

క్లైడ్‌కి వాళ్లమీద కోపం లేదు. కోపం రావాలంటే ముందు కాస్త గౌరవం ఉండాలి. అది ఎప్పుడో, ఏ రోజని చెప్పలేడు గానీ, కోటు మోచేతి దగ్గర అరిగినట్టు అరిగిపోయింది.

రక్షణ బిల్లు వచ్చే వారాల్లో ఆ అరుగుదల మరీ కనిపిస్తుంది. ఏటా వచ్చే బిల్లు అది. సైనికుల జీతాల దగ్గర్నుంచి ఓడల రంగు దాకా అన్నీ అందులోనే. ఓడిపోవడమంటూ ఉండదు, ఎందుకంటే సైనికులకు వ్యతిరేకంగా ఓటేశాడని పేరు పడితే వచ్చే ఎన్నికల్లో ఎవడూ లేవడు. అందుకని తిరునాళ్లకి పోయే బండి మీద ఊరందరూ తలో మూటా వేసినట్టు, ఎవరికి కావలసింది వాళ్లు సవరణ పేరుతో దానిమీద పడేస్తారు. ఆ ఏడాది పద్నాలుగు వందల సవరణలొచ్చాయి. మూడొందలు ఒకే మోపుగా కట్టి, ఒక్క కేకతో ఆమోదించేశారు. మోపులో ఏముందో కట్టినవాడికి తెలుసు, కట్టమన్నవాడికి తెలుసు. తొమ్మిదొందల పైచిలుకు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. మిగిలినవాటిలో పదకొండింటికి గురువారం మధ్యాహ్నం వరసగా ఓటింగ్ పెట్టారు. ఎనిమిదోది లొరెట్టా స్ట్రౌడ్‌ది.

అంటే కాగితం మీద ఆమె పేరు ఉండదు. కాగితం మీద ఆ జిల్లా ప్రతినిధి ప్రెస్టన్ హోల్కమ్ పేరుంటుంది. దానికోసం మూడు వేసవులుగా బస్సెక్కి వచ్చి, గదిగదికీ తిరిగి, తలుపుల దగ్గర నిలబడింది మాత్రం ఆమె. మొదటి వేసవిలో క్లైడ్‌ని చూసి సభ్యుడనుకుని కాగితం చేతిలో పెట్టింది. ఆయన అక్కడే నిలబడి ఆ కాగితం చివరిదాకా చదివాడు. అప్పట్నుంచి ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఆయన్ని వెతుక్కుంటూ వస్తుంది.

గురువారం పదకొండింటికి ఇద్దరూ కిందనున్న క్యాంటీన్లో చిక్కుడు గింజల సూప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. లొరెట్టాకి డెబ్బై ఒకటి. చర్చికి వెళ్లే నీలం గౌను వేసుకుంది. మడమ దగ్గర చెప్పు కరిచినట్టుంది, బల్ల కింద ఒక కాలు బయటికి తీసి పెట్టుకుంది.

"ఇవాళ గెలుస్తుందా ఓడుతుందా? ఉన్నదున్నట్టు చెప్పు బాబూ" అంది.

"ఓడుతుందమ్మా."

"ఎన్ని ఓట్లతో?"

"మూడొందల పన్నెండుతో. అవతలి పక్షం కూడా కాదనే అంటోంది."

"ఇంకా ఓటింగే కాలేదు. అప్పుడే మూడొందల పన్నెండని ఎలా చెప్తావు?"

"ఇక్కడ లెక్క ముందే తేలుతుందమ్మా. మధ్యాహ్నం దాన్ని బోర్డు మీదికి ఎక్కిస్తారంతే."

ఆమె సూప్‌లో బిస్కెట్ నలిపి వేసుకుంది. "మరి మా హోల్కమ్? నిన్న సాయంత్రం దానిమీద మాట్లాడుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను పైన గ్యాలరీలోంచి చూశాను."

నిన్న ఆ ప్రసంగానికి గంట ముందు సభ పక్క గదిలో హోల్కమ్ చీఫ్ విప్ మార్విన్ డికర్‌ని పట్టుకుని మాట్లాడుతుంటే క్లైడ్ అక్కడే ఉన్నాడు. "గురూ, నేను ప్రవేశపెడతాను, నాలుగు మాటలు మాట్లాడతాను, అవునని ఓటేస్తాను. ఇది మాత్రం గెలవకూడదు. రక్షణ కమిటీ ఛైర్మన్‌కి మాటిచ్చాను, ఆయన మా ఊళ్లో విమానాల షెడ్డు ఇస్తానన్నాడు" అని హోల్కమ్ అంటే, డికర్ ఆయన భుజం తట్టి, "ఓడించే పూచీ నాది, ఏడ్చే పూచీ నీది" అన్నాడు.

"చెమటయి ఉంటుందమ్మా. అక్కడ దీపాల వేడి ఎక్కువ" అన్నాడు క్లైడ్.

లొరెట్టా నవ్వింది. "నాకు తెలుసులే. వాళ్ల నాన్న కూడా అంతే, అమ్మకానికి పెట్టిన ఆవుని కావలించుకుని ఏడ్చేవాడు, ధర పెరుగుతుందని."

ఆమె అడుగుతున్నది అయిదు పంక్తుల మాట. అక్కడివాళ్లు కోట అని పిలిచే ఫోర్ట్ మెర్కిల్ సైనిక స్థావరం కంచె పక్కన రోడ్డు మీద నలభై ఒక్క ఇళ్లున్నాయి. కోటలో నలభై ఏళ్లపాటు రసాయనాల నురుగు చల్లి మంటలార్పే తర్ఫీదు జరిగింది. ఆ నురుగు నేలలోకి ఇంకి ఇంకి అందరి బావుల్లోకీ దిగింది. మరిగిస్తే పోయే మురికి కాదది. ఆ నురుగు గొట్టం పట్టుకున్నవాళ్లలో లొరెట్టా మొగుడొకడు, పోయి ఆరేళ్లయింది. నాలుగేళ్లుగా కోటవాళ్లు వారానికోసారి లారీలో మంచినీళ్లు పంపుతున్నారు. డిసెంబర్ ముప్పై ఒకటితో అది ఆగిపోతుంది. ఊళ్లోంచి రావలసిన గొట్టాలు ఇంకా బొమ్మ గీసిన కాగితంలోనే ఉన్నాయి. గొట్టాలు పడేదాకా లారీ ఆపకూడదు. సవరణ అంతే.

"జనవరిలో మా కోడలికి నెలలు నిండుతాయి. పుట్టిన పసిగుడ్డుకి ఏ నీళ్లు పొయ్యాలి? అది చెప్పమను మీ పెద్దమనుషుల్ని" అంది లొరెట్టా.

"ఇక్కడ ఇస్తే మిగతా అన్ని కోటల దగ్గరా ఇవ్వాల్సొస్తుందని కమిటీ ఛైర్మన్ వాదన."

"అంటే మిగతాచోట్ల కూడా పాడుచేశారన్నమాట. ఆయన ఒప్పుకున్నాడు కదా మరి." ఆమె చెంచా కింద పెట్టింది. "ఇంతకీ నువ్వు ఏ వేలు చూపిస్తావు?"

క్లైడ్ బల్లమీద చెయ్యి పెట్టి వేలు కిందికి తిప్పి చూపించాడు. చూపించనని అబద్ధం చెప్పొచ్చు, ఆమె నమ్మేదే. ఆమె ఆ వేలికేసి కాసేపు చూసి, "అంతంత చదువులు చదివి, ఆఖరికి దీన్ని చూసుకుని నడుస్తారా? మా ఇంట్లో గాడిద ఉండేది, దానికి రెండు చేతులూ చూపించాల్సొచ్చేది" అంది. తర్వాత ఆయన చేతిమీద తన చెయ్యి వేసి, "నీ ఉద్యోగం నువ్వు చెయ్యి నాయనా. నేనేం అనుకోను" అంది.

ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒక చిన్న సంగతి జరిగింది. పదకొండు సవరణల్లో నాలుగోది పెట్టిన సభ్యుడు దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఎవరో ఆయనకి ఏదో ఇచ్చి ఉంటారు, ఇంకేదో ఇస్తామని ఉంటారు, అది ఎవరికీ ఆశ్చర్యం కాదు. కానీ దాంతో అయిదోది నాలుగో వంతుకి జరిగింది, ఆరోది అయిదో వంతుకి. లొరెట్టాది ఎనిమిదో వంతు నుంచి ఏడో వంతుకొచ్చింది. సభ్యుల చేతుల్లో మాత్రం పొద్దున్న అచ్చేసి పంచిన చీటీ ఉంది. ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు, అంకె పక్కన సవరణ పేరు, దాని పక్కన పక్షం మాట, అవునో కాదో. పేరు ఎవరూ చదవరు. అంకె, దాని పక్కన మాట, అంతే.

క్లైడ్ చీటీ తీసి చూసుకున్నాడు. నాలుగు నుంచి ఏడు దాకా అన్నీ అవునే. ఎనిమిది మాత్రం కాదు. అంటే ఆరో వంతు దాకా పాత చీటీతో ఓటేసినా తేడా తెలియదు. ఏడో వంతులో తెలుస్తుంది.

ఆయన వెళ్లి డికర్‌కి చెప్పాడు. అది ఆయన ధర్మం, ఎగ్గొట్టే ఆలోచన కూడా రాలేదు. డికర్ అద్దంలో టై సవరించుకుంటున్నాడు.

"అయ్యా, చీటీలు పాతవి. కొత్తవి వెయ్యాలి."

"ఫోన్లకి కబురు పంపించాం కదయ్యా."

"ఫోన్లు చూస్తారంటారా?"

"చదువుకున్నవాళ్లేగా, చూస్తారు."

"చదువుకున్నారు గానీ అయ్యా, చదవరు."

డికర్ ఇటు తిరిగి చూశాడు, క్లైడ్ మొహంలో వెటకారం ఉందేమోనని. లేదు. "నువ్వున్నావుగా ముందు. వేలు చూపించు, చాలు. సాయంత్రం విమానాలున్నాయి అందరికీ. ఇప్పుడు కాగితాలు పంచుతూ కూర్చుంటే గంట పోతుంది" అన్నాడు.

రెండింటికి గంటలు మోగాయి. మొదటి సవరణకి పదిహేను నిమిషాలిచ్చారు, అందరూ లోపలికి చేరడానికి. ఆ తర్వాత ఒక్కోదానికి రెండే నిమిషాలు. అలాంటప్పుడు క్లైడ్ తలుపు వదిలి ముందు బల్ల పక్కకొచ్చి నిలబడతాడు, కూర్చున్నచోట నుంచే అందరికీ చెయ్యి కనపడేలా.

పై గ్యాలరీలో లొరెట్టా ముందు వరసలో కనిపించింది. ముందు వరసలో సందర్శకుల్ని కూర్చోబెట్టరు. కాపలా ఉండే ఒడెస్సా కూర్చోబెట్టి ఉంటుంది. ఒడెస్సా కఠినమైన మనిషని పేరు, గ్యాలరీలో ఎవరైనా కమ్మీ మీద మోచెయ్యి ఆనిస్తే చాలు వెళ్లి భుజం తడుతుంది. ఇవాళ లొరెట్టా చెప్పులు రెండూ విప్పేసి కూర్చున్నా ఆమె గోడకేసి చూస్తూ నిలబడింది.

కింద సంత మొదలైంది. మొదటిది, రెండోది, మూడోది. అధ్యక్షస్థానంలో ఉన్నావిడ ఒక్కో సవరణ ఎవరిదో, దేనిగురించో చదివి వినిపిస్తూనే ఉంది. ఆవిడ గొంతు మంచి గొంతు. వినేవాళ్లు లేరు. ఒకాయన పక్కాయనకి మోకాలి ఆపరేషన్ గురించి చెప్తున్నాడు. ఇద్దరు ఫోన్లో గుర్రప్పందెం చూస్తున్నారు. వెనక వరసలో ఒకావిడ జీడిపప్పు పొట్లం పంచుతోంది, అవతలి పక్షానికి కూడా. ఒకాయన నిద్రపోతున్నాడు, ప్రతి రెండు నిమిషాలకీ పక్కనున్నాయన మోచేత్తో పొడిస్తే కళ్లు తెరవకుండానే కార్డు దూర్చి, చీటీలో అంకె అడిగి, మీట నొక్కి మళ్లీ పడుకుంటున్నాడు. ఏడువందల చిల్లర విమానాలు, ఇరవై లక్షల మంది సైనికులు, నలభై ఒక్క బావులు ఆ మోచేతి మీద ఉన్నాయి.

నాలుగో వంతు, అయిదో వంతు, ఆరో వంతు. అన్నిటికీ వేలు పైకే. అన్నీ గెలిచాయి.

"ఏడో వంతు. హోల్కమ్ గారి సవరణ, ఫోర్ట్ మెర్కిల్ నీటి సరఫరాకి సంబంధించినది. రెండు నిమిషాలు" అని చదివింది అధ్యక్షురాలు.

గడియారం నడవడం మొదలుపెట్టింది. క్లైడ్ వేలు కిందికి దించాలి. దించడానికి చెయ్యి ఎత్తాడు కూడా. ఎదురుగా రెండొందల మంది తలలు వంచుకుని చీటీలో ఏడో అంకె వెతుక్కుంటున్నారు. ఇద్దరో ముగ్గురో ఆయన చేతికేసి చూశారు.

ఆయన ఎత్తిన చేత్తో కళ్లద్దాలు తీశాడు. జేబులోంచి రుమాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ముందు కుడి అద్దం, నోటి ఆవిరి పట్టించి మరీ తుడిచాడు. తర్వాత ఎడమది. కాడల దగ్గర దుమ్ము పట్టింది, రుమాలు కొసతో అది కూడా తీశాడు. రెండు చేతులకీ పని సరిపోయింది. అద్దాలు లేకపోతే ఆయనకి దూరపువన్నీ మసక. అవునన్న పేర్ల పక్కన పచ్చ దీపాలు వెలిగే బోర్డు ఒక పచ్చటి పొలంలా కనిపించింది.

అద్దాలు పెట్టుకునేసరికి గడియారం సున్నా దగ్గర ఉంది. బోర్డు మీద అవును రెండువందల ముప్పై ఒకటి, కాదు నూట తొంభై ఆరు.

డికర్ ఆయన దగ్గరికి నడిచొచ్చాడు. పరిగెత్తలేదు, కెమెరాలున్నాయి. "ఏమిటిది?" అన్నాడు పెదాలు కదపకుండా.

"ఏడో వంతు అయ్యా. చీటీలో ఏడు అవును."

"నీ చెయ్యేమైంది?"

"అద్దాలు తుడుచుకుంటున్నానయ్యా."

డికర్ అధ్యక్షురాలికి చేత్తో సైగ చేశాడు, ఓటింగ్ ముగించొద్దని. ముగిసిందని కొట్టడానికి సుత్తి ఎత్తినావిడ దించి కూర్చుంది.

సున్నా కొట్టాక కార్డు పెట్టెలు పనిచెయ్యవు. ఓటు మార్చుకోవాలంటే సభ్యుడు లేచి అందరి ముందు నడుచుకుంటూ వెళ్లి, ఎర్ర కాగితం మీద సంతకం పెట్టి గుమాస్తాకి ఇవ్వాలి. గుమాస్తా దాన్ని పేరుతో, ఊరితో సహా పైకి చదువుతాడు. మర్నాడు అది అచ్చులో కూడా వస్తుంది, ఫలానా ఆయన అవును నుంచి కాదుకి మార్చుకున్నాడని. అసలు ఓటు వేల ఓట్లలో ఒకటిగా మరుగున పడిపోతుంది గానీ, ఈ మార్పు మాత్రం విడిగా, పేరు కింద, ప్రతి ఎన్నికల్లోనూ ప్రత్యర్థి చేతికి దొరుకుతుంది.

పద్దెనిమిది మంది మారాలి. డికర్ వరసల మధ్య తిరగడం మొదలుపెట్టాడు.

"ఇది కుక్కల బిల్లు కాదా? సైన్యంలో ముసలి కుక్కలకి మందులిచ్చేది?" అని ఒకాయన.

"కుక్కలది ఇందాకే అయిపోయిందయ్యా బాబూ. ఇది నీళ్లు."

"నీళ్లకి కాదనాలా? చీటీలో అలా లేదే."

"లేచి వెళ్లి మార్చు."

"నేనొక్కణ్ణేనా? ముందు ఆయన్ని వెళ్లమను. ఆయనది గట్టి సీటు."

"గట్టి సీటని ఎవరన్నారు?" అన్నాడు పక్కాయన. "పోయినసారి నేను గెలిచింది చచ్చీచెడీ. పసిపిల్లల నీళ్లు లాక్కున్నాడని టీవీలో వేస్తే మా అమ్మ కూడా నాకు ఓటెయ్యదు."

"మరి అవునని ఎందుకు నొక్కావు?"

"నువ్విచ్చిన చీటీ చూసే."

ఈలోగా హోల్కమ్ వచ్చి డికర్ చెయ్యి పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. నిన్న రాని నీళ్లు ఇవాళ కళ్లలో నిజంగానే ఉన్నాయి. "మాటిచ్చావు. ఓడిస్తానని మాటిచ్చావు. ఛైర్మన్ నా మొహం చూడ్డంలేదు, అటు చూడు" అన్నాడు.

"అయితే నువ్వే వెళ్లి మార్చు."

"నా సవరణకి నేనే కాదనాలా?"

"సిగ్గేస్తోందా?" అన్నాడు డికర్. అది నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

గుమాస్తా బల్ల దగ్గరికి మొదట ముగ్గురెళ్లారు. ముగ్గురూ మళ్లీ పోటీ చెయ్యనివాళ్లు. గుమాస్తా పేర్లు చదివాడు. ఆ గొంతు గదంతా వినపడింది, ఎందుకంటే అప్పటికి మోకాలి ఆపరేషన్ కబుర్లు కూడా ఆగిపోయాయి. తర్వాత నలుగురు, ఒకళ్ల వెనక ఒకళ్లు నక్కుతూ. ఇంకో నలుగురు. పదకొండు.

పన్నెండో మనిషి ఎర్ర కాగితం తీసుకుని సంతకం పెట్టబోతూ ఎందుకో తలెత్తాడు. పైన గ్యాలరీలో ఒక ముసలావిడ లేచి నిలబడి ఉంది. గ్యాలరీలో నిలబడకూడదు. ఆమె ఏమీ అనలేదు, చెయ్యి ఊపలేదు. ఎవరు ఆ బల్ల దగ్గరికి వస్తున్నారో వాళ్ల మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు ఒక్కొక్కరినీ చూస్తోంది. ఒడెస్సా ఆమె పక్కనే ఉంది. కూర్చోమనడం ఒడెస్సా పని. ఆమె లొరెట్టా వెనక కుర్చీ కాస్త జరిపింది, పడకుండా. అంతవరకే.

పన్నెండో ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చినదారినే వెళ్లిపోయాడు. ఆయన వెనక వరసలో ఉన్న నలుగురు కూడా ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినట్టు చెదిరిపోయారు. క్లైడ్‌కి వాళ్లమీద ఆ క్షణంలో కూడా గౌరవం కలగలేదు. మనసు కరిగి ఆగినవాడు ఒక్కడూ లేడని ఆయనకి తెలుసు. చూస్తున్నారని ఆగారు.

"టైము, టైము" అని ఎవరో కేకేశారు. పడమటి రాష్ట్రాల విమానం నాలుగూ నలభైకి. ఆ విమానం తప్పితే మళ్లీ తెల్లారే. కేక రెండు వరసలకి పాకింది, పది వరసలకి పాకింది. రెండు పక్షాలూ ఆ వారమంతా కలిసి అడిగింది అదొక్కటే. డికర్ చెయ్యెత్తి ఆగమంటున్నాడు. అధ్యక్షస్థానంలో ఉన్నావిడది కూడా పడమటి రాష్ట్రమే. శనివారం ఆవిడ కూతురి పెళ్లి. డికర్ చేతికేసి చూసింది, గడియారం కేసి చూసింది. సుత్తి కొట్టింది.

అవును రెండువందల ఇరవై, కాదు రెండువందల ఏడు. సవరణ నెగ్గింది.

లొరెట్టా కూర్చుని చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది.

అరగంటలో హోల్కమ్ ఆఫీసు నుంచి పత్రికలకి ప్రకటన వెళ్లింది, తన మూడేళ్ల పోరాటం ఫలించిందని. మెట్లమీద లొరెట్టాని పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. "నవ్వండమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫర్. "నా మొహం ఇంతే బాబూ. ఆయన నవ్వుతున్నాడుగా, ఇద్దరికీ సరిపోతుంది" అంది లొరెట్టా. పొరపాటున అవునన్నవాళ్లు కూడా రాత్రికల్లా తలో ప్రకటన ఇచ్చారు. సైనిక కుటుంబాల మంచినీళ్ల కోసం పక్షాన్ని ఎదిరించి నిలబడ్డామని ఇద్దరు రాశారు. వాళ్లలో ఒకాయన ఆ మధ్యాహ్నమంతా నిద్రపోయినాయనే.

బస్సెక్కే ముందు లొరెట్టా క్లైడ్ కోసం వచ్చింది. "అయిపోయినట్టేనా?" అంది.

"కాలేదమ్మా. సెనేట్‌వాళ్ల బిల్లు వేరు. రెండు బిల్లుల్నీ ఒకటి చెయ్యడానికి రెండు సభలవాళ్లూ ఒక గదిలో తలుపులేసుకుని కూర్చుంటారు. అక్కడ ఏది ఉంచారో ఏది తీశారో బయటికి తెలియదు. అవునన్నవాళ్లలో చాలామంది ఆ గదిని నమ్ముకునే ధైర్యంగా ఉన్నారు."

"అక్కడ నిలబడి చూడ్డానికి గ్యాలరీ లేదా?"

"లేదమ్మా."

ఆమె తలాడించింది. "నిన్నేమైనా అన్నారా?" అంది.

"సోమవారం నుంచి కింద కాగితాల గదిలో పని."

"నాయనా."

"అక్కడ కుర్చీ ఉంటుందమ్మా. ఇరవై రెండేళ్ల నుంచి నిలబడే ఉన్నాను."

కాగితాల గదికి కిటికీ లేదు గానీ, అచ్చయి వచ్చిన ప్రతిదీ ముందు అక్కడికే వస్తుంది. అక్టోబర్ గడిచింది, నవంబర్ గడిచింది. డిసెంబర్ రెండో వారంలో తలుపులేసుకున్న గదిలోంచి బిల్లు బయటికొచ్చింది, మూడు వేల పేజీలు, ఇటుకలా. మర్నాటికల్లా దానిమీద ఓటింగ్. అది ఎవరూ చదవరని అందరికీ తెలుసు, చదవకూడదనే అంత పెద్దదిగా, అంత ఆలస్యంగా వస్తుంది. క్లైడ్ తన భోజనం గంటలో కూర్చుని వెతికాడు. పద్దెనిమిది వందల నలభయ్యో పేజీలో దొరికింది. తీసెయ్యలేదు. రెండువందల ఇరవై మంది ప్రకటనలిచ్చిన దాన్ని తీసేస్తే ఎవరికి సమాధానం చెప్పాలో తేలక ఉంచేశారు. ఉంచుతూ ఒక్క ముక్క మార్చారు. "గొట్టాలు పడేవరకు" అన్నచోట "ఒక ఏడాదిపాటు" అని రాశారు.

ఆయన రెండుసార్లు చదివి లొరెట్టాకి ఫోన్ చేశాడు.

వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏడాదంటే పిల్ల నడక నేర్చేదాకా" అంది లొరెట్టా.

"అవునమ్మా."

"మంచిదే. అదీ లేకపోతే ఏం చేసేవాళ్లం." తర్వాత గొంతు మార్చి, "మళ్లీ పొరపాటు చెయ్యరుగా వాళ్లు?" అంది.

"ఇదే పొరపాటు చెయ్యరు. ఈసారి చీటీలు రెండుసార్లు అచ్చేస్తారు."

"అయితే మనుషుల్ని పట్టుకోవాల్సిందే. వేసవి దాకా ఆగను, ఫిబ్రవరిలోనే వస్తాను. ముందు ఎవరి దగ్గరికి వెళ్లమంటావు? అవునన్న ఆ రెండొందల ఇరవై మంది దగ్గరికా?"

"వాళ్ల దగ్గరికి వద్దమ్మా. వాళ్లకి అది కుక్కల బిల్లు. ముందు కాదన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. చీటీలో అవునని ఉన్నా, ఎవరూ చెప్పకుండా, మొదటిసారే కాదన్నవాళ్లు కొంతమంది ఉన్నారు. వాళ్లు ఆ అయిదు పంక్తులూ విన్నారు. విని కాదన్నవాడితో మాట్లాడొచ్చు."

"పేర్లున్నాయా నీ దగ్గర?"

ఆ రోజు ఓట్ల పట్టిక క్లైడ్ ముందే ఉంది. "ఉన్నాయి" అన్నాడు.

"ఆగు, కళ్లద్దాలు తెచ్చుకోనీ" అంది లొరెట్టా. సొరుగు లాగిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు వినిపించాయి. "ఊఁ, చెప్పు. మెల్లిగా చెప్పు, నా రాత పెద్దది."